మధ్య గిటారు వినమన్న ఉస్తాద్

ఉస్తాద్ పోయాడన్న కబురు ఖతార్ పడమటి కొసన ఉన్న దుఖాన్ క్యాంప్ నుంచి ఫోన్‌లో వచ్చింది. పొద్దున పదకొండు అయి ఉంటుంది. దోహా పక్కన మా మెసైమీర్ యార్డ్ స్టోర్‌లో ఆయిల్ ఫిల్టర్ల పెట్టెలు అరల్లోకి ఎక్కిస్తున్నాను. అవతల మాట్లాడింది ఎవరో మలబారీ క్లర్కు. "మీ దగ్గర పనిచేసి వచ్చిన ఆ ఆఫ్రికా మెకానిక్ పొద్దున డ్యూటీకి రాలేదు. తలుపు తీసి చూస్తే మంచం మీదే ఉన్నాడు. గుండె అన్నారు డాక్టర్లు. ఎవరికి చెప్పాలని కాగితాలు చూస్తే నీ పేరుంది. నువ్వు ఆయనకు ఏమవుతావు?"

ఏమవుతానో వెంటనే తోచలేదు. ఆయనది కాంగో. నాది జగిత్యాల దగ్గర ఒక పల్లె. "తమ్ముణ్ణి" అన్నాను. "అయితే వచ్చి పెట్టె తీసుకుపో" అన్నాడు క్లర్కు.

పదిహేనేళ్లు మా క్యాంప్‌లో జనరేటర్లు చూసిన మనిషి. ఒక ఫ్రెంచి కంపెనీ రోడ్డు పనికని వెంట తెచ్చుకుంది. పనయ్యాక కంపెనీ పోయింది, ఈయన మిగిలాడు. అప్పట్లో ఆయన దేశాన్ని జైర్ అనేవారు. ఆరడుగుల మనిషి. ఇస్త్రీ చొక్కా లేకుండా గది గడప దాటేవాడు కాదు. గ్రీజులో పొర్లేవాడికి ఇస్త్రీ ఎందుకు ఉస్తాద్ అంటే, "మా ఊళ్లో మనిషి ఆకలితో ఉండొచ్చు, ముడతలతో ఉండకూడదు" అనేవాడు.

మా ఇద్దరి మధ్య నడిచింది క్యాంప్ హిందీ. అందులో సగం అరబ్బీ, పావు ఇంగ్లీషు, తక్కిన పావు చేతులు. దాన్ని ఇక్కడ తెలుగు చేసి రాస్తున్నాను. మొదట్లో ఆయనకు తెలిసిన తెలుగు మాట "తమ్మీ" ఒక్కటే. మావాళ్ల నోట విని నేర్చుకుని, నాతో మొదలుపెట్టి క్యాంప్ బాస్ దాకా అందరినీ తమ్మీ అనేసేవాడు. తర్వాత తర్వాత ఇంకా చాలా తెలుగు వచ్చింది. అది వింటే మావాళ్లు పొట్ట పట్టుకునేవారు. దూరం నుంచి నన్ను చూసి చెయ్యెత్తి, "ఇగో, ఇంటున్నవా? బాయిల నీళ్లున్నయా?" అని పలకరించేవాడు. ఖతార్‌లో బావి ఎక్కడిది, పెళ్లాం మొగుణ్ణి పిలిచినట్టు ఆయన నన్ను పిలవడమేమిటి అని మీకు అనుమానం రావచ్చు. అది చెప్పాలంటే ఒక క్యాసెట్ సంగతి చెప్పాలి. క్యాసెట్ సంగతి చెప్పాలంటే ముందు పాట సంగతి చెప్పాలి.

ఉస్తాద్‌కు మీటర్ల మీద నమ్మకం తక్కువ. యార్డ్ మధ్యలో కళ్లు మూసుకుని నిలబడి, "మూడో నంబరు దగ్గుతోంది" అనేవాడు. విప్పి చూస్తే మూడో దానిలోనే ఏదో ఒకటి వదులై ఉండేది. పొడవాటి స్క్రూడ్రైవర్ మొనను ఇంజిన్ మీద పెట్టి, పిడిని చెవికి ఆనించుకుని, డాక్టర్ గుండె విన్నట్టు వినేవాడు. ఆ చెవితోనే పాట కూడా వినేవాడు.

మేమిద్దరం దగ్గరైంది ఒక తగాదాతో. ఓ శుక్రవారం భోజనం చేసి నడుం వాల్చితే గోడ అవతల టేప్‌రికార్డర్ మోగుతోంది, అదే ముక్క మళ్లీ మళ్లీ. కోపంగా పోయి తలుపు కొట్టాను. ఆయన లోపలికి రమ్మని, కూర్చోమని, "ఏం వినపడుతోంది?" అని అడిగాడు.

"గిటారు. అందుకే వచ్చిన."

"ఎన్ని?"

"ఎన్నేంది, ఒకటే."

ఆయన జాలిగా చూశాడు. "మూడున్నాయి తమ్మీ. ఒకటి బండి చక్రంలాగ తిరుగుతూ ఉంటుంది, దానికి వేరే పని లేదు. ఒకటి పైన పిట్టలాగ ఎగురుతుంది, అందరూ దాన్నే చూస్తారు. ఈ రెండింటి మధ్య ఇంకొకటి తిరుగుతుంది. దీని మాట దానికి, దాని మాట దీనికి చేరవేస్తుంది. ఆ మధ్య గిటారు వినపడ్డనాడు నువ్వు పాట విన్నట్టు."

నాకు ఆ మధ్యది వినపడటానికి ఆరు నెలలు పట్టింది. ప్రతి శుక్రవారం పాఠమే. "మూడు జనరేటర్లు కలిపి లైను మీదికి ఎక్కించాలంటే ముందు మూడూ ఒకే అడుగు వెయ్యాలి. పెద్దగా మోగేదాన్ని చూసి మోసపోకు. బరువు మోసేదాన్ని విను" అనేవాడు. ఒకనాడు ఉన్నట్టుండి వినపడింది. మా దగ్గర ఒగ్గుకథలో కథ చెప్పేవాడి వెనక నిలబడి "ఆఁ" అనేవాడు ఒకడుంటాడు చూడండి. జనం వాణ్ణి లెక్క చెయ్యరు. వాడు ఒక్కసారి ఆఁ అనడం మానేస్తే ముందున్నవాడి కథ కూలబడుతుంది. అలాంటిదే ఆ గిటారు. ఆ మాట చెప్తే ఉస్తాద్ ఒగ్గుకథ అంటే ఏమిటో విడమరిచి చెప్పమన్నాడు. దానికి నాలుగు శుక్రవారాలు పట్టింది. అదట్లా ఉంచండి.

వాళ్ల పాటకు తరాలున్నాయి. ఆయన ఆ వంశం చెప్పేటప్పుడు మా ఊరి పటం కథవాళ్లు కులపురాణం విప్పినట్టు ఉండేది. బానిసలుగా సముద్రం దాటించబడ్డవాళ్ల పాట అవతల గడ్డ మీద పెరిగి, రికార్డు పళ్లేలలో ఓడెక్కి మళ్లీ ఆఫ్రికాకు వచ్చిందట. అది విని, "ఇది మాదే గదా" అని గిటారు పట్టుకున్నవాళ్లు తాతలు. ఒక గిటారు, ఒక సన్నాయిలాంటి బాకా, నింపాదైన పాట. ఆ తర్వాతి తరం తండ్రులది. ఇరవై మంది వాయిద్యగాళ్లు, వరసగా బాకాలు, పెళ్లివాళ్లలాగ ఒకే రంగు కోట్లు. ఉస్తాద్ ఆ తరం మనిషి. ఆయనకు పాటంటే అదే. ఆ తర్వాత బడి ఎగ్గొట్టి వచ్చిన కుర్రకారు బాకాలన్నీ అవతల పారేసి, గిటార్లూ డ్రమ్ములూ ఉంచుకున్నారు. పాట సగం నడిచాక పాడేవాడు ఆగిపోతాడు, గిటార్లు వేగం అందుకుంటాయి, కూర్చున్నవాళ్లు లేస్తారు. ఆ వేగం ముక్కను వాళ్లు సెబెన్ అంటారు. కుర్రకారు ఆ సెబెన్‌నే ఇంతకింత చేశారు. వాళ్ల తర్వాతివాళ్లు కొందరు పారిస్ చేరి నింపాది ముక్కను పూర్తిగా ఎత్తేశారు. ఇప్పటివాళ్లయితే ఒక కేకలవాణ్ణి కూడా పెట్టుకున్నారు. దోమల మందు డబ్బాకు చిల్లులు పొడిచి, గింజలు పోసి, అది ఆడిస్తూ వాడు సెబెన్ పొడుగునా అరుస్తుంటాడు. ఊళ్ల పేర్లు, స్నేహితుల పేర్లు, పెద్దమనుషుల పేర్లు గిటార్ల మీదికి విసురుతుంటాడు. మన నాటకాల్లో పద్యం మధ్య ఆపి ఫలానావారి చదివింపులు అని మైకులో చెప్పరూ, ఆ వరసే. కాకపోతే వీళ్లు పాట ఆపరు.

"పేరు విసరడం మా దగ్గర పెద్ద మర్యాద" అనేవాడు ఉస్తాద్. "నా పేరు ఎవడూ విసరడులే. విసిరేవాడు ఒకడున్నాడు గానీ వాడి నోరు నేనే మూయించాను."

ఆ ఒక్కడు ఆయన తమ్ముడు. సైకిల్ బ్రేకు తీగ విప్పి నూనె డబ్బాకు కట్టుకుని గిటారు నేర్చినవాడు. అన్న వెళ్లి పెద్ద బృందంలో చేర్పిస్తే, రెండేళ్లకు వదిలేసి బాకాలు లేని కుర్రాళ్లలో కలిశాడు, మధ్య గిటారు వాయించడానికి. ఉస్తాద్‌కు మండింది. ఖతార్ విమానం ఎక్కేముందు, ఇంటినిండా చుట్టాలుండగా తమ్ముడితో అన్న ఆఖరి మాట: "నువ్వు వాయించేది పాట కాదు, గిన్నెలు కడిగే చప్పుడు. నీ చేతికి స్పానరే ఎక్కువ." ఆ తర్వాత వాళ్ల మధ్య ఉత్తరం లేదు, ఫోన్ లేదు. కెన్యా నుంచి ఎవరు వచ్చినా వాళ్ల చేత క్యాసెట్లు తెప్పించుకుని, తమ్ముడి చెయ్యి వినేవాడు. నా గోడ అవతల మళ్లీ మళ్లీ మోగిన ముక్క అదేనని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

"వీడు లోపలికి రావడమే ఆలస్యంగా వస్తాడు" అని వినిపించేవాడు. "చూడు, తక్కిన రెండూ మొదలుపెట్టేశాయి. వీడింకా గుమ్మం దగ్గర చెప్పులు విడుస్తున్నాడు. ఇదిగో, ఇప్పుడొచ్చాడు." నిజంగానే అలాగే ఉండేది. ఒక్క అడుగు ఆగి, అప్పుడు నవ్వుతూ వచ్చినట్టు. ఇంత మంది గిటారువాళ్లలో అలా వచ్చే మధ్య గిటారు ఇంకొకటి లేదనేవాడు.

"మంచిగనే వాయిస్తడు గదా ఉస్తాద్. ఆ మాట రాయరాదూ?"

"రాస్తాను" అనేవాడు. పన్నెండేళ్లు అన్నాడు.

ఈలోపు అక్కడ యుద్ధం వచ్చింది. ఊళ్లు ఒకదాని తర్వాత ఒకటి పడిపోతున్నాయని రేడియోలో ఫ్రెంచిలో చెప్తుంటే చెవి ఆనించి వినేవాడు. ఇప్పుడు ఉత్తరాలు రాశాడు, ఒకటి కాదు ఆరు. మూడు వెనక్కి తిరిగొచ్చాయి, తక్కినవి అలా కూడా రాలేదు. ఫోన్ చేస్తే అవతల మోగను కూడా మోగేది కాదు. తర్వాత రాజు మారాడన్నారు, దేశం పేరే మారిందన్నారు. "తమ్మీ, నా పాస్‌పోర్టులో ఉన్న దేశం ఇప్పుడు భూమ్మీద లేదు" అని నవ్వబోయాడు. ఆ నెల మూడో నంబరు జనరేటర్ దగ్గుతుంటే ఆయన పక్కనే నిలబడి కూడా వినలేదు. అప్పుడు భయమేసింది నాకు.

ఆగస్టులో ఒక గురువారం కెన్యా డ్రైవర్ సెలవు నుంచి వచ్చాడు. నైరోబీలో ఎవరి దగ్గరో ఎక్కించుకొచ్చిన తొంభై నిమిషాల క్యాసెట్ ఇచ్చాడు. బొమ్మ లేదు, పేరు లేదు, ఒట్టి తెల్ల లేబుల్. "రెండో పక్క ఆఖరి పాట మీ తమ్ముడి బృందానిది. కొత్తదన్నారు, ఎంత కొత్తదో నాకు తెలియదు" అన్నాడట. ఉస్తాద్ దాన్ని తీసుకుని సరాసరి నా గదికి వచ్చాడు.

"ఇది నీ దగ్గర పెట్టు. నా దగ్గరుంటే ఇప్పుడే వింటాను. అందులో వాడి చెయ్యి లేకపోతే మిగతా రోజంతా నేనేం చెయ్యాలి? రేపు భోజనం అయ్యాక ఇద్దరం విందాం."

టేప్‌రికార్డర్ పక్కన పెట్టాను. ఇక్కడే నా తెలివితక్కువ పని మొదలు.

మా వైపు నుంచి వచ్చినవాళ్లం అప్పుడు ఉత్తరాలు పెద్దగా రాసేవాళ్లం కాదు. సగం మందికి రాదు, వచ్చినవాళ్ల ఇంట్లో చదివేవాళ్లుండరు. క్యాసెట్‌లో మాట్లాడి, ఊరికి పోయేవాళ్ల చేతిలో పెట్టేవాళ్లం. ఇంట్లో అందరూ చుట్టూ కూర్చుని వినేవారు. విన్నాక అదే క్యాసెట్ వెనక్కి తిప్పి, మన మాట మీదనే వాళ్ల మాట ఎక్కించి, దుబాయ్ పోయేవాళ్లెవరుంటే వాళ్ల చేత పంపేవారు. ఖతార్ అయినా కువైట్ అయినా ఊళ్లో అది దుబాయే. అలా ఒకే క్యాసెట్ ఏళ్ల తరబడి మోస్తుంది, పాత మాటలు చెరిపి కొత్త మాటలు.

ఆ గురువారం సాయంత్రం మా పక్క ఊరి రిగ్గర్ ఒకడు, క్రేన్‌కు బరువులు కట్టేవాడు, బొంబాయి విమానానికి పోతున్నాడు. బస్సు హారన్ కొడుతోంది. నేను పొద్దున మాట్లాడి పెట్టుకున్న క్యాసెట్ కూడా తెల్ల లేబులే, టేప్‌రికార్డర్ పక్కనే ఉంది. "యల్లా, యల్లా" అని డ్రైవర్ అరుస్తుంటే పరిగెత్తి కిటికీలోంచి ఇచ్చి వచ్చాను.

శుక్రవారం భోజనం అయింది. ఉస్తాద్ ఇస్త్రీ చొక్కా వేసుకుని, మంచం అంచున, ఎవరి ఇంటికో పెళ్లిచూపులకు వచ్చినట్టు కూర్చున్నాడు. మీట నొక్కాను. టేప్‌లోంచి నా గొంతే వచ్చింది. "ఇగో, నేను మాట్లాడుతున్న. ఇక్కడ నేను మంచిగున్న. మేకలు ఈనినయా..."

ఉస్తాద్‌కు మొదట అర్థం కాలేదు. నా మొహం చూశాక అర్థమైంది. తిట్టలేదు. తిడితే బాగుండేది. "వాళ్లు దాని మీద మాట్లాడతారు గదా" అన్నాడు మెల్లగా. మా అలవాటు ఆయనకు తెలుసు. పన్నెండేళ్లకు పైగా పక్క గదిలో ఉన్నవాడు.

రిగ్గర్ శనివారం సాయంత్రానికి ఊరు చేరతాడు. అంతకుముందే కబురు పోవాలి. మా ఊళ్లో ఫోన్ లేదు. నాలుగు కిలోమీటర్ల అవతల మండలంలో ఒక ఎస్టీడీ డబ్బా ఉంది. శుక్రవారం మధ్యాహ్నం నుంచి కార్డు ఫోన్ దగ్గర నిలబడ్డాను. అవతల గాలివానకు తీగలు తెగాయట, లైను పోదు. శనివారం డ్యూటీలోంచి నాలుగుసార్లు పోయాను. పోదు. నేను ఎప్పుడు పోయినా ఉస్తాద్ అద్దాల డబ్బా బయట ఎండలో నిలబడి ఉండేవాడు. లోపలికి రమ్మంటే రాడు.

ఆదివారం పొద్దున లైను దొరికింది. ఎస్టీడీ డబ్బా అతను మంచివాడు, సైకిల్ మీద పోయి మా ఇంటామెను తీసుకొచ్చాడు. గంట తర్వాత మళ్లీ చేశాను.

"నువ్వు మంచిగున్నవా?" అన్నది ఆమె, నా గొంతు వినగానే. "మాట లేని క్యాసెట్ వస్తే ఏమనుకోవాలె మనిషి? ఒక దిక్కు మొత్తం విన్నం, ఇప్పుడన్న మాట్లాడుతవా, ఇప్పుడన్న మాట్లాడుతవా అని. అత్తమ్మ ఏడ్వవట్టింది."

"అది వేరేటోళ్లది. మారిపోయింది. దాని మీద మాట్లాడకురి."

"అయ్యో" అన్నది.

"మాట్లాడినవా?"

"నిన్ననే మాట్లాడిన. సోమారం ఇక్కడినుంచి ఒకాయన వస్తుండు గదా అని. ముందటి దిక్కు పాట మంచిగున్నది, చెడగొట్టబుద్ధి కాలే. రెండో దిక్కు మాట్లాడిన."

రెండో దిక్కు. తమ్ముడి పాట ఉన్న దిక్కు. "ఎంతసేపు మాట్లాడినవ్?"

"ఎంతసేపంటే ఏం జెప్పాలె. బాయి సంగతి చెప్పిన, మోటరు సంగతి చెప్పిన. ఉన్నదంత చెప్పిన."

"ఇగ దాన్ని ముట్టకు. అట్లనే పంపు."

బయటికి వచ్చాను. ఉస్తాద్ అడిగాడు. "ఒక పక్క మొత్తం బాగానే ఉందట" అన్నాను.

"ఏ పక్క?"

"వస్తే తెలుస్తది."

పదకొండు రోజులు ఆ అబద్ధాన్ని పక్కలో పెట్టుకుని పడుకున్నాను. అబద్ధం కాదు, సగం నిజం. సగం నిజం అబద్ధం కన్నా ఎక్కువ గుచ్చుతుంది. ఆయన మళ్లీ అడగలేదు. డ్యూటీకి పోయేవాడు, వచ్చేవాడు, చొక్కా ఇస్త్రీ చేసుకునేవాడు. నా గది ముందునుంచి పోయేటప్పుడు మాత్రం అడుగు తగ్గించేవాడు.

క్యాసెట్ వచ్చింది. మళ్లీ శుక్రవారం, మళ్లీ మధ్యాహ్నం. ఇద్దరం కూర్చున్నాక ఉస్తాద్ లేచి కిటికీ ఏసీ కట్టేశాడు. ఆగస్టు నెల ఖతార్‌లో మధ్యాహ్నం ఏసీ కట్టెయ్యడమంటే ఏమిటో ఇక్కడ ఉన్నవాళ్లకు చెప్పనక్కర్లేదు. "అది శ్రుతిలో లేదు" అన్నాడు.

మొదటి పక్క విన్నాం. నాలుగు పాటలు, నాలుగు బృందాలు. కేకలవాడు ప్రతిదానిలో "జైర్, జైర్" అంటూనే ఉన్నాడు. "అన్నీ యుద్ధానికి ముందువి" అన్నాడు ఉస్తాద్. చెమటకు ఆయన ఇస్త్రీ అంతా పోయింది. క్యాసెట్ తీసి, తిప్పి, ఆయనే పెట్టాడు.

"ఇగో, ఇంటున్నవా? నేనే."

ఉస్తాద్ నా వైపు చూశాడు. నేను నేల వైపు చూశాను.

"ఆ రోజు నీ మొహం చూసినప్పుడే తెలుసు తమ్మీ. బోల్టు వదులైతే నాకు తెలియదా" అన్నాడు. "ఆఖరి పాట ఎంతసేపుంటుందో అడిగాను కెన్యావాణ్ణి. పావుగంట అన్నాడు. పక్క నలభై అయిదు నిమిషాలు. ఆవిడ అరగంట లోపల ఆపితే పాట మొత్తం దొరుకుతుంది. దాటితే కొంచెం కొంచెం పోతుంది." చేతి గడియారం విప్పి టేప్‌రికార్డర్ మీద పెట్టాడు.

మా పెళ్లయి అప్పటికి ఇరవై ఏళ్లు. క్యాసెట్‌లో ఇంకొంచెం మాట్లాడరాదా, పది నిమిషాలకే అయిపోయిందా అని ప్రతిసారీ పోరేవాణ్ణి నేను. మాట లేని క్యాసెట్ వచ్చిందని భయపడిందో ఏమో, ఆ రోజు ఇరవై ఏళ్లదీ ఒకేసారి మాట్లాడింది. బావిలో నీళ్లు అడుగంటాయి, వాన పడ్డాక కొంచెం ఊరాయి. మోటరు కాలింది, మెకానిక్ రేపు రేపు అంటున్నాడు. మేక రెండు పిల్లలు ఈనింది, ఒకటి నలుపు. అత్తమ్మకు దగ్గు. ఇరవై నిమిషాలు. మేనబావ కూతురికి సంబంధం కుదిరింది, పిల్లవాడు పొట్టి. ఇరవై ఎనిమిది. ఉస్తాద్ క్యాసెట్ కిటికీలో తరిగిపోతున్న చుట్టను చూస్తున్నాడు. నా జన్మలో మొదటిసారి మనసులో మొక్కుకున్నాను, చాలు ఆపవే తల్లీ అని.

"ఇగ ఉంట మరి. పైలం."

ముప్పై. ఉస్తాద్ చెయ్యి ముందుకు వచ్చింది.

"ఆ, ఇంకోటి మర్చిపోయిన."

గట్టు దగ్గర పక్కవాడు చెట్టు కొట్టేశాడట. వాడితో గొడవ. గొడవలో ఎవరెవరు ఏమన్నారు, తను ఏమన్నది. ముప్పై మూడు. ముప్పై నాలుగు. ఇరుగు పొరుగు వచ్చి ఎలా సర్దిచెప్పారు. ముప్పై ఆరు.

"ఉంట మరి. మంచిగ తిను."

టక్ మని ఒక చప్పుడు. ఒక క్షణం ఏమీ లేదు. తర్వాత ఒక్కసారిగా గిటార్లు. నింపాది ముక్క, పాడేవాడు, ఆ పాట మాటలు అన్నీ మా ఇంటామె చెట్టు తగాదా కింద పోయాయి. మేం నేరుగా సెబెన్ మధ్యలో పడ్డాం. చక్రం తిరుగుతోంది, పిట్ట ఎగురుతోంది. రెండే ఉన్నాయి. ఉస్తాద్ కళ్లు మూసుకున్నాడు. నేనూ మూసుకున్నాను. రెండే. డ్రమ్ము ఒకసారి ఆగి మళ్లీ ఎత్తుకుంది, పిట్ట ఇంకో కొమ్మ మీదికి పోయింది. అప్పుడు, ఒక్క అడుగు ఆలస్యంగా, గుమ్మంలో చెప్పులు విడిచి, నవ్వుతూ లోపలికి వచ్చింది మూడోది.

నేనే ముందు విన్నానని ఇప్పటికీ అనుకుంటాను. ఆయన ఒప్పుకునేవాడు కాదు.

కానీ ఉస్తాద్ కళ్లు తెరవలేదు. చెయ్యెత్తి నన్ను ఆగమన్నాడు. ఎప్పటి చెయ్యో తెలియదు గదా. పాత పాట అయితే పాత చెయ్యే. దోమల మందు డబ్బా గలగల మొదలైంది. కేకలవాడు పేర్లు విసురుతున్నాడు, ఊళ్లు, స్నేహితులు. ఆ తర్వాత దేశం పేరు అరిచాడు. జైర్ అనలేదు. కాంగో అన్నాడు. మళ్లీ అన్నాడు, కాంగో. ఆ కేక కింద మధ్య గిటారు ఎక్కడా తడబడకుండా తిరుగుతూనే ఉంది.

దేశం పేరు మారాక వాయించిన చెయ్యి అది.

పాట అయ్యేదాకా ఉస్తాద్ కదల్లేదు. అయ్యాక చొక్కా అంచుతో మొహం తుడుచుకున్నాడు, ఆయన అలా చెయ్యడం ఎప్పుడూ చూడలేదు. తర్వాత అన్నాడు: "తమ్మీ, ఏసీ వెయ్యి."

ఆ రోజే మళ్లీ ఉత్తరం రాశాడు, ఈసారి బృందం పేరు మీద. నాలుగు నెలలకు జవాబు వచ్చింది. తమ్ముడు రాసింది నాకు చదివి వినిపించాడు: "మా ఇంట్లో అందరం బతికే ఉన్నాం. గిన్నెలు ఇంకా కడుగుతూనే ఉన్నాను. ఆ మెకానిక్ చెవి బాగుపడిందా?" ఆ కాగితాన్ని ఇస్త్రీ చేసిన చొక్కా జేబులో పెట్టుకుని వారం రోజులు తిరిగాడు. ఆ తర్వాత ఒకటి రెండుసార్లు ఫోన్‌లో కూడా మాట్లాడుకున్నారు. క్యాసెట్ కథ విని ఆ తమ్ముడు అడిగాడట, "నా పాట మీద మాట్లాడిన ఆవిడ ఏమంటోంది?" అని. ఉస్తాద్ నన్ను కూర్చోబెట్టి, మాట మాటకూ అర్థం చెప్పించుకున్నాడు.

ఆ పాట శుభ్రంగా ఇంకో క్యాసెట్ మీద ఎక్కించి ఇస్తానంటే ఒప్పుకోలేదు. మా ఇంటామె మాటను ముందుకు తిప్పెయ్యనూ లేదు. విన్న ప్రతిసారీ మొదటినుంచీ వినేవాడు. "ఆవిడ మాట్లాడి మాట్లాడి ఆపితేనే వాడు బతికున్నట్టు తెలుస్తుంది" అనేవాడు. అలా ముప్పై ఆరు నిమిషాల తెలుగు ఆయనకు కంఠతా వచ్చింది. అందులో ఉన్నదే ఆయన తెలుగు. బావిలో నీళ్లు, మేకలు, మోటరు, పైలం, మంచిగ తిను. నేను సెలవుకు పోయి మా ఇంటామెకు ఈ సంగతి చెప్తే, సిగ్గుపడి, "చెట్టు గొడవల నేను తిట్టిన తిట్లు గూడ నేర్చుకున్నడా?" అని అడిగింది. నేర్చుకున్నాడు. క్యాంప్ బాస్ మీద వాడేవాడు.

పోయిన ఏడు ఆయన్ని దుఖాన్‌కు మార్చారు. వచ్చే ఏడు పని మానేసి ఇంటికి పోతానన్నాడు. తమ్ముడు వాయించేచోట ముందు వరసలో కూర్చుంటానన్నాడు. "లేచి ఆడను. వింటాను, అంతే. ఆడితే వాడికి పొగరెక్కుతుంది."

మనిషిని కంపెనీ విమానంలో పంపింది. పెట్టె నేను తెచ్చాను. అయిదు ఇస్త్రీ చొక్కాలు, ఆ పొడవాటి స్క్రూడ్రైవర్, క్యాసెట్లు. తెల్ల లేబుల్‌ది విడిగా, చేతిరుమాల్లో చుట్టి ఉంది. పెట్టె తమ్ముడికి పంపాలి. నాకు ఫ్రెంచి రాదు, ఏం రాయను?

స్టోర్ తలుపు మూసి, క్యాసెట్ రెండో పక్క ఆఖరిదాకా విన్నాను. పాట అయిపోయాక కొంచెం ఖాళీ టేపు మిగిలి ఉంది. ఎర్ర మీట నొక్కి, బోల్టుల డబ్బా ఒకటి చేత్తో ఆడిస్తూ, ఆయన పేరు గట్టిగా అరిచాను. నాకు వచ్చిన పద్ధతిలో, ఒక్కసారి. ఇదంతా రాస్తూ ఆయన పేరు ఎక్కడా రాయలేదని మీరు గమనించే ఉంటారు. వాళ్ల ఆచారంలో పేరు కాగితం మీద పెట్టేది కాదు, గిటార్ల మీదికి విసిరేది.

నిన్న పెట్టె పంపించాను. ఏ వారానికో అది చేరుతుంది. కాంగో నది ఒడ్డున వాళ్ల ఊళ్లో ఒక గదిలో, వేళ్లు కాయలు కాసిన మనిషి ఒకడు మీట నొక్కి, తన చెయ్యి తనకు వినపడేదాకా చేతులు కట్టుకుని కూర్చుంటాడు. బావి అడుగంటుతుంది, మోటరు కాలుతుంది, మేక ఈనుతుంది. "ఇగ ఉంట మరి, పైలం" అంటుంది మా ఇంటామె. అయిపోయిందనుకుని అతను ముందుకు వంగుతాడు.

"ఆ, ఇంకోటి మర్చిపోయిన."